పదహారు రిజిస్టర్ల ఇరుకులో

స్ట్రీమ్ సైఫర్ ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చెప్పొచ్చు. చిన్న రహస్య కీ తీసుకుని, చూసేవాళ్లకు తలాతోకా అందని బైట్ల వరసను పుట్టిస్తుంది. ఆ వరసను మన సమాచారంతో బిట్టు బిట్టుగా ఎక్సార్ చేస్తుంది (రెండు బిట్లూ వేరైతే 1, ఒకటే అయితే 0). అదే కీ ఉన్న అవతలివాళ్లు అదే వరస పుట్టించి మళ్లీ ఎక్సార్ చేస్తే అసలు సమాచారం బయటపడుతుంది. ఇందులో దాచుకోవాల్సింది కీ ఒక్కటే. పద్ధతి అంతా అందరికీ తెలిసిందే, ఎవరైనా చదువుకోవచ్చు.

అయితే పంపే ప్రతి బైటూ, దాచే ప్రతి బైటూ ఈ మిల్లులో పడి రావాల్సిందే. మిల్లు నెమ్మదైతే జనం దాన్ని ఆపేస్తారు. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. స్టోరేజీని ఎన్‌క్రిప్ట్ చేసి తీరాలని ఆండ్రాయిడ్ 2015లో నియమం పెట్టినప్పుడే, అందరూ వాడే ఏఈఎస్ అనే సైఫర్ వేగం సెకనుకు 50 మెగాబైట్లు దాటని ఫోన్లకు మినహాయింపు కూడా ఇచ్చింది. అంటే ఖరీదైన ఫోన్ కొన్నవాడికి రక్షణ దక్కింది, చవక ఫోన్ కొన్నవాడికి దక్కలేదు. చవక ఫోన్లతోనే బతుకంతా నడుపుకునే మన పల్లెలకు ఆ మినహాయింపు ఎంత బరువైందో వేరే చెప్పక్కర్లేదు. 2019లో గూగుల్‌కు చెందిన పాల్ క్రౌలీ, ఎరిక్ బిగ్గర్స్ 'అడియాంటమ్' అనే పద్ధతి తెచ్చి ఆ గండి పూడ్చారు. దాని గుండెకాయ చాచా అనే స్ట్రీమ్ సైఫర్. కార్టెక్స్-ఏ7 లాంటి చిన్న ప్రాసెసర్ మీద అడియాంటమ్ ఏఈఎస్ కంటే సుమారు ఐదు రెట్లు వేగంగా పనిచేసింది. సైఫర్‌ను అసెంబ్లీలో చేత్తో చెక్కే పనికి ఉన్న విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. వేగం ఇక్కడ సరదా కాదు, రక్షణ ఎవరిదాకా చేరుతుందో తేల్చేది అదే.

ఈ చెక్కుడు పనికి అన్ని సైఫర్లూ లొంగవు. రాన్ రివెస్ట్ 1987లో తయారుచేసిన ఆర్‌సీ4 చాలా ఏళ్లు రాజ్యమేలింది. 256 బైట్ల పట్టిక, అందులో తిరిగే రెండు సూచికలు, ప్రతి అడుగులోనూ ఒక మార్పిడి. చూడ్డానికి ఎంతో తేలిక. కానీ ప్రతి అడుగూ వెనకటి అడుగు ఫలితం కోసం కాచుకుని ఉండాలి. ఇప్పుడే మెమరీలో రాసినదాన్ని వెంటనే మళ్లీ చదవాల్సి రావచ్చు. ఎంత మొనగాడైనా అక్కడ గోడకు తగిలి ఆగిపోవాల్సిందే. చివరికి దాని భద్రతే చెదిరిపోయి, 2015లో వెబ్ రాకపోకలను కాపాడే టీఎల్‌ఎస్‌లో దాన్ని వాడకూడదని నిషేధించారు.

క్రిప్టోగ్రాఫర్ డేనియల్ బెర్న్‌స్టీన్ దారి వేరు. 2005లో ఈస్ట్రీమ్ పోటీకి ఆయన పంపిన సాల్సా20లోనూ, 2008లో దాన్ని మెరుగుపరిచి ప్రకటించిన చాచాలోనూ పట్టికలు లేవు. ఉన్నవి మూడే పనులు: కూడిక, ఎక్సార్, బిట్లను గుండ్రంగా తిప్పడం. 32 బిట్ల వర్డ్‌లు పదహారు, నాలుగు వరసల చదరంగా ఉంటాయి. మొదటి వరసలో స్థిరాంకాలు, తర్వాతి రెండింటిలో కీ, ఆఖరి వరసలో లెక్కింపు సంఖ్య, నాన్స్ (ఒక కీతో ఒక్కసారే వాడే సంఖ్య). ఒక్కో నిలువు వరస నుంచి నాలుగు వర్డ్‌లు తీసుకుని వాటి మీద 'క్వార్టర్ రౌండ్' నడపాలి. ఏ, బీ, సీ, డీ అనుకుందాం. ఏకి బీని కలుపు, డీని ఏతో ఎక్సార్ చేయి, డీని 16 బిట్లు తిప్పు. సీకి డీని కలుపు, బీని సీతో ఎక్సార్ చేయి, బీని 12 బిట్లు తిప్పు. మళ్లీ అదే వరస, ఈసారి తిప్పుళ్లు 8, 7. మొత్తం పన్నెండు పనులు. నాలుగు క్వార్టర్ రౌండ్లు కలిస్తే ఒక రౌండ్. ఒక రౌండ్ నిలువుగా, తర్వాతిది ఐమూలగా, అలా ఇరవై రౌండ్లు. 64 బైట్ల ఒక్కో బ్లాకు కోసం 80 క్వార్టర్ రౌండ్లు, అంటే 960 పనులు. బైటుకు పదిహేను.

ఈ పదిహేనును ఎలా తగ్గించాలన్నదే అసెంబ్లీ రాసేవాడి ముందున్న లెక్క.

మొదటి ఉపాయం పక్కపక్కన నడపడం. ఒక బ్లాకుకూ ఇంకో బ్లాకుకూ తేడా లెక్కింపు సంఖ్య ఒక్కటే, కాబట్టి ఒకదాని కోసం ఇంకోటి ఆగక్కర్లేదు. ఇంటెల్ ప్రాసెసర్‌లో 128 బిట్ల వెక్టర్ రిజిస్టర్ ఉంది. నాలుగు బ్లాకుల నుంచి ఒకే స్థానంలోని వర్డ్‌ను తీసి అందులో పెడితే, నాలుగు చాళ్ల గొర్రుతో విత్తినట్టు ఒక్క ఇన్‌స్ట్రక్షన్ నాలుగు బ్లాకుల పని చేసుకుపోతుంది. 960 పనులకు 256 బైట్లు. బైటుకు నాలుగు కూడా పడదు.

కానీ కాగితం మీది లెక్క చిప్‌లో అలాగే దిగదు. ఎస్‌ఎస్‌ఈ అనే ఈ 128 బిట్ల వెక్టర్లకు బిట్లను తిప్పే ఇన్‌స్ట్రక్షన్ లేదు. ఎడమకు జరిపి, కుడికి జరిపి, రెంటినీ కలపాలి. ఒక తిప్పుడుకు మూడు ఇన్‌స్ట్రక్షన్లు. క్వార్టర్ రౌండ్ పన్నెండు నుంచి ఇరవైకి పెరుగుతుంది, బైటుకు ఆరుంపావు అవుతుంది. ఇక్కడ బెర్న్‌స్టీన్ ఎంచుకున్న అంకెలు అక్కరకొస్తాయి. 16, 8 రెండూ ఎనిమిది గుణిజాలు. అంటే అవి బిట్లను తిప్పడం కాదు, బైట్ల స్థానాలు మార్చడం. ఆ పని పీషఫ్‌బి అనే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ చేసేస్తుంది. ఇరవై పదహారుకు దిగుతుంది, బైటుకు ఐదు. సాల్సా20లో తిప్పుళ్లు 7, 9, 13, 18. ఒక్కటీ ఇలా కలిసిరాదు. కొన్ని యంత్రాల మీద వేగం పెరుగుతుందన్న లెక్క కూడా చాచాలో ఆ అంకెలు మారడానికి కారణం. యంత్రం గుణం చేతికి తెలిసినవాడు సైఫర్‌నే దానికి తగ్గట్టు దిద్దాడు. ఈ సంప్రదాయంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

రెండో చిక్కు ఇరుకు. వెక్టర్ రిజిస్టర్లు పదహారు. చదరంలో వర్డ్‌లూ పదహారే. అన్నీ నింపేస్తే తిప్పుడు మధ్యలో సగం ఫలితం పెట్టుకోవడానికి చోటే మిగలదు. కొన్నిటిని స్టాక్‌కు పంపక తప్పదు, కానీ మెమరీకి పోయి వచ్చిన ప్రతిసారీ కాలం ఖర్చవుతుంది. మరి ఎవరిని బయట కూర్చోబెట్టాలి? ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే క్రిప్టో లైబ్రరీ కోసం ఆండీ పాల్యకోవ్ రాసిన కోడ్‌లో దీనికి చక్కని జవాబుంది. ఏ, బీ, డీ వరసల్లోని పన్నెండూ లోపలే ఉంటాయి. సీ వరసలోని నాలుగిటిలో ఎప్పుడూ రెండే లోపల, రెండు బయట. అలా మిగిలిన రెండు రిజిస్టర్లూ పనిచోటు.

దీని అందం చూడాలంటే వరస కాస్త నిదానంగా గమనించాలి. నిలువు రౌండ్‌లో మొదటి రెండు క్వార్టర్ రౌండ్లకు సీ0, సీ1 కావాలి. అవి అయ్యాక వాటిని బయటికి పంపి సీ2, సీ3ని తెచ్చి మిగతా రెండూ ముగిస్తారు. ఇప్పుడు ఐమూల రౌండ్. దాని మొదటి రెండు క్వార్టర్ రౌండ్లకు కావాల్సినవి సరిగ్గా సీ2, సీ3. అవి ఇప్పటికే లోపలున్నాయి! సగంలో మళ్లీ సీ0, సీ1 లోపలికి వస్తాయి, తర్వాతి నిలువు రౌండ్ మొదలయ్యేది వాటితోనే. రౌండ్‌కు ఒక్కటే మార్పిడి. ఆ మార్పిడి కూడా తక్కిన లెక్కల సందులో కలిసిపోయి జరిగిపోతుంది. కంపైలర్ కూడా రిజిస్టర్లు పంచుతుంది. కానీ ఐమూల రౌండ్ ఎక్కడ మొదలవుతుందో చూసుకుని ఇలా కుదిర్చే చూపు దానికి ఉండదు.

ఆర్మ్ దగ్గరికి వస్తే ఆట మారిపోతుంది. 32 బిట్ల ఆర్మ్‌లో కూడికకైనా ఎక్సార్‌కైనా రెండో విలువను తిప్పి ఇవ్వొచ్చు, దానికి వేరే ఇన్‌స్ట్రక్షన్ అక్కర్లేదు. కాబట్టి బీ, డీలను తిప్పకుండానే అట్టే పెట్టి, వాడుకునేటప్పుడు తిప్పి వాడుకుంటే నాలుగు తిప్పుళ్లూ మాయమవుతాయి. క్వార్టర్ రౌండ్ ఎనిమిది ఇన్‌స్ట్రక్షన్లలో తేలిపోతుంది. 64 బిట్ల ఆర్మ్ కోసం పాల్యకోవ్ ఇంకో అడుగు వేశారు. నియాన్ వెక్టర్ విభాగానికి మూడు బ్లాకులు, మామూలు పూర్ణాంక విభాగానికి ఒక బ్లాకు ఇచ్చి, రెంటి ఇన్‌స్ట్రక్షన్లనూ జడలా అల్లారు. ఖాళీగా కూర్చునే విభాగమే లేదు.

ఇంత చేశాక నిజంగా లాభం వచ్చిందా అన్నది కొలిచి తేల్చుకోవాలి. టర్బో ఆపి, ప్రాసెసర్ సైకిళ్లు లెక్కపెట్టి, అనేకసార్లు నడిపి మధ్య విలువ తీసుకోవాలి. ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కు ఎంత ఆలస్యమో డెన్మార్క్‌కు చెందిన ఆగ్నర్ ఫాగ్ కొలిచి పెట్టిన పట్టికలు ఈ పని చేసేవాళ్లందరి దగ్గరా ఉంటాయి. అయినా ఒక్క లూప్‌నే చూసుకుంటే మోసపోతాం. 512 బిట్ల వెక్టర్లు వచ్చిన కొత్తలో, 2017లో, క్లౌడ్‌ఫ్లేర్ ఇంజినీర్ ఒకరు ఈ సంగతి బయటపెట్టారు. ఆ ఇన్‌స్ట్రక్షన్లు వాడితే చాచా వేగం పెరిగేది, కానీ అప్పటి ప్రాసెసర్ తన గడియారాన్నే నెమ్మదింపజేసుకునేది. దాంతో సర్వర్ చేసే మిగతా పనులన్నీ కుంటుపడేవి.

వేగం కోసం వదులుకోకూడనిది ఒకటుంది: పట్టే కాలం రహస్యాన్ని బట్టి మారకూడదు. 2005లోనే బెర్న్‌స్టీన్ ఏఈఎస్ పట్టికల వల్ల క్యాష్‌లో వచ్చే కాలభేదాన్ని కొలిచి, దాని నుంచి కీని రాబట్టి చూపించారు. పట్టికలు, కీని బట్టి మారే మలుపులు లేని చాచాకు ఆ బెడద పుట్టుకతోనే లేదు. అసెంబ్లీలో రాసినప్పుడు అది అలాగే ఉందని కంటితో చూసుకోవచ్చు, మధ్యలో కంపైలర్ దూరి ఏ మలుపూ చేర్చదు.

దేన్ని పడితే దాన్ని అసెంబ్లీలో రాయమని నేను అనను. వారం వారం మారే కోడ్‌కు ఈ శ్రమ దండగ. చాచా వేరు. 2008 నుంచి దాని కేంద్రం కదల్లేదు. లినక్స్ కెర్నల్ 2016 నుంచి యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించేది దానితోనే, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ నడిచేదీ దానితోనే. కొన్ని వందల పంక్తులను ఒకసారి బాగా చెక్కితే కోట్ల యంత్రాల్లో కరెంటు, కాలం మిగులుతాయి.

నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు దారి తెరిచే ఉంది. ఆర్‌ఎఫ్‌సీ 8439లో క్వార్టర్ రౌండ్‌కు పరీక్ష విలువలున్నాయి. ముందు దాన్ని సీ భాషలో రాసి, కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీ చదవండి. తర్వాత మీ చేత్తో రాసి, 63, 64, 65 బైట్ల దగ్గరా 255, 256, 257 దగ్గరా తప్పకుండా సరిచూడండి. తప్పులు ఎక్కువగా ఆ అంచుల్లోనే దాక్కుంటాయి. అది కుదిరాక, అసెంబ్లీని పుట్టించే పాల్యకోవ్ పెర్ల్ స్క్రిప్టులు తెరవండి. ఒక్కో ఫైలు మొదట్లో ఏ ప్రాసెసర్ మీద బైటుకు ఎన్ని సైకిళ్లో పట్టిక ఉంటుంది. మీ అంకెను దాని పక్కన పెట్టి చూసుకోండి.