కిరాతకుడి మోకాలు

ఈ వారం ఓ పేపర్లో పేజీ అంతా పరుచుకున్న శీర్షిక: ‘కిరాతకం’. కింద వార్త చూస్తే, నగరంలో ఓ అపార్ట్‌మెంట్‌లో ఆస్తి తగాదాలో అన్న తమ్ముణ్ని చంపాడు. పేపర్లో నచ్చని మాట మీద ఎర్రపెన్సిల్‌తో గీత పెట్టడం నా జబ్బు. వెంటనే గీత పడింది. లిఫ్టెక్కి వెళ్లి చేసిన హత్యకు కొండల్లో వేటాడి బతికే కిరాతుడి పేరెందుకు? ‘ఆటవికం’దీ ఇదే తంతు, అడవిలో ఉండటమే నేరమైనట్టు. పురాణం కూడా మన పక్షాన లేదు. పంది నాదంటే నాదని అర్జునుడితో కలబడ్డ కిరాతుడు సాక్షాత్తూ శివుడు. చివరికి పాశుపతం ఇచ్చి మరీ పంపాడు. లేపాక్షి గుడి పైకప్పు మీద ఆ కథంతా బొమ్మల్లో ఉంది.

కాబట్టి ఈ మాటను పత్రికల్లోంచి వెలివేయాలని రాద్దామని కూర్చున్నాను. పాచిపెంట అడ్డొచ్చింది.

చాన్నాళ్ల కిందటి మాట. సాలూరు దాటి, పాచిపెంట దగ్గర ఓ సంతకు వెళ్లాను. చింతపండు రోజులు. ఓ కొండదొర తెగ ముసలాయన కావిడి దించాడు. షావుకారు గుమస్తా బుట్టను కొక్కెం కాటాకు తగిలించి, ‘ఏం మావా, వానలెలాగున్నాయి’ అంటూనే మోకాలు బుట్ట అడుక్కి ఆనించాడు. ముల్లు దిగాల్సినంత దిగలేదు. ఆపైన గింజకింత, తేమకింత అని తరుగు తీశాడు. మిగిలిన దాంట్లో పాత అప్పు కోత. ఉప్పు, ఎండుచేపలు కొనేసరికి ముసలాయన చెయ్యి ఖాళీ. కొట్టు దాటాక అన్నాడు: “ఆడు ఒట్టి కిరాతకుడు బావూ. ఏటి సేస్తాం, అప్పు ఆడి కాడే ఉంది.”

1956లో గిరిజన సహకార సంస్థ పుట్టిందన్నా, 1960లో ఏజెన్సీ వడ్డీ వ్యాపారుల మీద ప్రత్యేక చట్టం వచ్చిందన్నా అలాంటి మోకాళ్ల వల్లే. అప్పటికీ అవి దిగలేదు. 1967 అక్టోబర్ 31న, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోనే, మొండెంఖల్ గిరిజన సభకు బయల్దేరిన జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల వర్గం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళ పోరాటం రాజుకున్నది ఆ తర్వాతే.

ఎవరి పేరుతో మనం తిట్టు కట్టామో, వాళ్లే దాన్ని అందుకుని సరైన మనిషికి తగిలించారు. ఆ తిట్టు లాక్కునే హక్కు నాకెక్కడిది? అందుకే మాట ఉండనీయండి. సబెడిటర్లకు నా విన్నపం ఒక్కటే: నెత్తురు కనపడితేనే కాదు, తూకంలో, వడ్డీ లెక్కలో, భూమి కాగితంలో జరిగినప్పుడు కూడా ఆ శీర్షికే, అంత పెద్దక్షరాల్లోనే వేయండి.

‘ఆటవికం’ మీద గీత మాత్రం చెరపను. ఆ మాట సంతలో ఎవరి నోటా వినలేదు.