ఆటలోకి పారిపోయిన పాత్ర

మన విమర్శకు బాగా అలవాటైన మాటల్లో 'పలాయనవాదం' ఒకటి. రచనలో పోరాటం కనిపించకపోతే చాలు, ఆ ముద్ర వేసి పక్కన పెట్టేస్తాం. నేనూ అలా ముద్ర వేసినవాణ్ణే. ఆ పని మీద ఆత్మవిమర్శగానే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

కొంతకాలం కిందట ఒక కథల పోటీకి వచ్చిన కథలు చదివి మార్కులు వేసే పని నా మీద పడింది. వాటిలో ఒక కథ ఇది. ఇంటర్మీడియెట్ చదివే కుర్రాడు హాస్టల్ నుంచి సంక్రాంతి సెలవులకు ఇంటికి వస్తాడు. నాలుగు రోజులూ దుప్పటి ముసుగులో సెల్‌ఫోన్ పట్టుకొని పబ్జీ ఆడుతూనే ఉంటాడు. తల్లి అరిసెలు తెచ్చి పక్కన పెడుతుంది. తండ్రి తిడతాడు. అయిదో రోజు కుర్రాడు బస్సెక్కి వెళ్లిపోతాడు. అంతే కథ. 'సమస్య నుంచి పారిపోయే పాత్ర. సామాజిక దృక్పథం లేదు' అని రాసి తక్కువ మార్కులు వేశాను. ఆ కథకు బహుమతి రాలేదు.

తర్వాత మా పదో తరగతిలో ఒక పిల్లవాణ్ణి ఇదే ఆట గురించి మందలిస్తూ, "అందులో ఏముందిరా?" అని అడిగాను. "అందులో బాగా ఆడితే పైకి పోతాం సార్" అన్నాడు. ఆ రాత్రి నాకు ఆ కథ గుర్తొచ్చింది. అందులో రచయిత హాస్టల్ గురించి రెండే వాక్యాలు రాశాడు: తెల్లవారకముందే లేపటం, వారం వారం పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్ మార్చటం. ఆ రెండు వాక్యాల మీదుగా నా కళ్లు జారిపోయాయి. పారిపోయినవాణ్ణి చూశాను గాని, వాణ్ణి తరిమినదాన్ని చూడలేదు.

ఈ ఆట వస్తువును మన పద్ధతిలోనే పరిశీలిద్దాం. నూరుమంది దాకా ఒక దీవి మీదికి పారాచూట్లతో దిగుతారు. అందరూ ఉత్త చేతులతోనే దిగుతారు. ఆస్తి లేదు, కులం లేదు, డొనేషన్ లేదు. దొరికిన ఆయుధం దొరికినవాడిది. గురి కుదిరితే ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. మన పిల్లల్లో ఎంతమందికి జీవితంలో ఇలాంటి ప్రారంభరేఖ దొరికింది? చదివినదానికి ఫలితం వస్తుందో రాదో, వచ్చినా ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియని కుర్రాడికి, శ్రమకు కొలిచినట్టు ప్రతిఫలం ఇచ్చే లోకం ముద్దు కాకుండా ఎలా ఉంటుంది? వాడు న్యాయం మీద ఆకలితో అక్కడికి వెళుతున్నాడు. ఆ ఆకలి అభ్యుదయ వ్యతిరేకం కాదు.

అయితే ఆ అన్నం ఎవరు వండుతున్నారో కూడా చూడాలి. సమానంగా దిగిన నూరుమందిలో చివరికి ఒక్కడో, ఒక్క జట్టో మిగలాలి. నిలబడే నేల నిమిషనిమిషానికీ కుంచించుకుపోతుంది. బతకటమంటే తక్కినవాళ్లను చంపటమే. ప్రారంభంలో సమానత్వం, ముగింపులో ఏకైక విజేత: మార్కెట్ తన గురించి తాను చెప్పుకునే పురాణం సరిగ్గా ఇదే. ఆట ఊరికే ఇస్తారు. బొమ్మకు తొడిగే చొక్కాకూ, తుపాకీకి వేసే రంగుకూ డబ్బు తీసుకుంటారు. కంచు నుంచి మొదలుపెట్టి మెట్లు మెట్లుగా ర్యాంకులు ఉంటాయి. కొన్నాళ్లకు ఒక 'సీజన్' ముగియగానే ఎక్కినవాణ్ణి కిందికి దింపి మళ్లీ ఎక్కమంటారు. అంటే ర్యాంకుల హాస్టల్ నుంచి పారిపోయినవాడు ర్యాంకుల దీవిలోనే దిగుతున్నాడన్నమాట! నిజమైన విషాదం ఇక్కడుంది. వాడు పారిపోవటం విషాదం కాదు, పారిపోవటానికి వేరే చోటు లేకపోవటం విషాదం.

నిషేధిస్తే సరిపోతుందనేవాళ్లున్నారు. 2020 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధించింది. చెప్పిన కారణాలు దేశభద్రత, సమాచార రక్షణ. పిల్లవాడి నిద్ర అందులో లేదు. మరుసటి ఏడే అది పేరు మార్చుకొని తిరిగొచ్చింది. హాస్టల్ మాత్రం మధ్యలో మారలేదు.

ఈ తగవు సాహిత్యంలో మనకు కొత్త కాదు. కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' 1925లో వచ్చింది. తరవాతి తరం భావకవిత్వాన్ని ఊహాలోక విహారమంది. ఆ మాటలో నిజముంది. కాని ఇష్టపడినవాళ్లను ప్రేమించే స్వేచ్ఛ లేని సమాజంలో ఊహాప్రేయసిని కల్పించుకోవటం ఆ సమాజం మీద ఫిర్యాదు కూడానని మన విమర్శే తరవాత ఒప్పుకుంది. 1844లో అచ్చయిన వ్యాసంలో మార్క్స్ మతాన్ని మత్తుమందుతో పోల్చినప్పుడు, అదే చోట ఆ మత్తు వెనకున్న నిజమైన బాధనూ గుర్తించాడు. మనం మొదటి ముక్క కంఠస్థం చేసి రెండోదాన్ని వదిలేశాం. ఇంతకీ నా సంగతేమిటి? హైస్కూలు రోజుల్లో అద్దె పుస్తకాల షాపు నుంచి మధుబాబు 'షాడో' నవలలు తెచ్చుకొని లెక్కల పుస్తకంలో దాచి చదివాను. ఎమ్మే చదివించింది కూడా ఆ దాచుకున్న చదువే కావచ్చు.

2024లో వచ్చిన 'ది రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఐబెలిన్' అనే నార్వే డాక్యుమెంటరీని ఈ సందర్భంలో చూడాలి. దర్శకుడు బెంజమిన్ రీ. కండరాలు క్షీణించే జబ్బుతో పెరిగిన మాట్స్ స్టీన్ 2014లో 25 ఏళ్లకే చనిపోయాడు. కొడుకు 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆటలోనే జీవితాన్ని ఒంటరిగా గడిపేశాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. మరణవార్త తెలిపాక ఎక్కడెక్కడి దేశాల నుంచో ఉత్తరాలొచ్చాయి. ఆటలో ఐబెలిన్ పేరుతో అతను ఎందరికో ఆప్తుడు. వాళ్ల కష్టాలు విన్నాడు, సలహాలు చెప్పాడు. కొందరు అంత్యక్రియలకు దేశాలు దాటి వచ్చారు. దాచి ఉంచిన ఆటలోని సంభాషణల నుంచి దర్శకుడు ఆ రెండో జీవితాన్ని యానిమేషన్‌లో తిరిగి కట్టాడు. మొదట తల్లిదండ్రుల కళ్లతో చూపిన జీవితాన్నే మళ్లీ లోపలి నుంచి చూపించటం ఆ చిత్రం సాధించిన విజయం. ఇది ఒక్క మనిషి గాథ. దీన్నుంచి సూత్రం లాగకూడదు. ఆట మీద అదుపు తప్పటాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ జబ్బూ నిజమే. కాని బయట నుంచి చూసి 'వీడు పారిపోయాడు' అనటానికి కన్నవాళ్లకే చాలనంత తెలివిడి, రెండు పేజీలు చదివిన విమర్శకుడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆట అనే రూపమే పలాయనమనటం కూడా తప్పు. పోలండ్‌లో 2014లో తయారైన 'దిస్ వార్ ఆఫ్ మైన్'లో మనం సైనికులం కాదు, ముట్టడిలో చిక్కిన ఊరి జనం. సారయెవో ముట్టడి దానికి ప్రేరణ. రాత్రిపూట తిండికీ మందుకూ వెతుక్కోవాలి. నిస్సహాయులైన ముసలి దంపతుల ఇంట్లో దొంగిలిస్తే కడుపు నిండుతుంది గాని, దొంగిలించిన పాత్ర దిగులుతో కుంగిపోతుంది. 2020లో పోలండ్ ప్రభుత్వం దీన్ని బడిపిల్లల పఠన జాబితాలో చేరుస్తున్నట్టు ప్రకటించింది. రూపానిది కాదు నేరం. ఆ రూపాన్ని ఎవరు, ఎందుకు వాడుతున్నారన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఆ కథకు మళ్లీ మార్కులు వేయమంటే ఏం రాస్తాను? మొదటి బహుమతి ఇవ్వననే అనుకుంటున్నాను. ఆ కథలో లోపముంది. అయితే అది నేను రాసిన లోపం కాదు. నాలుగు రోజులు దుప్పటి కింద ఏం జరిగిందో రచయిత ఒక్క వాక్యమూ రాయలేదు. కుర్రాడు ఎవరితో కలిసి ఆడాడు, ఎప్పుడు గెలిచాడు, ఏం కొన్నాడు, అర్ధరాత్రి ఎవరితో నవ్వాడు, ఏదీ లేదు. తల్లిలాగా, తండ్రిలాగా, నాలాగా కథకుడు కూడా దుప్పటి బయటే నిలబడ్డాడు.

యువరచయితలు ఆ దుప్పటి ఎత్తాలి. లోపలున్న ఆకలినీ, ఆ ఆకలి మీద నడిచే వ్యాపారాన్నీ ఒకే కథలో చూపించాలి. విమర్శకులం 'పలాయనం' అని రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం: దేన్నుంచి? ఎక్కడికి? ఎవరి లాభానికి? ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా కలం ఆపుకుందాం. నేను ఆపుకోలేదు. పేరు తెలియని ఆ రచయిత ఈ పత్రిక చదువుతుంటే, ఆ కథను మళ్లీ రాయమని అడుగుతున్నాను.