మట్టిదారి పందెపు ఆటలో భౌతిక శాస్త్రము: 'రిచర్డ్ బర్న్స్ ర్యాలీ' పరిశీలన

ఇంటి కంప్యూటరుపై ఆడు ఆటలలో మోటారు పందెములకు మొదటినుండియు ప్రత్యేక స్థానము కలదు. వీనిలో రెండు తెగలున్నవి. నున్నని తారుబాటపై జరుగు పందెములు ఒక తెగ. మట్టి, కంకర, బురద, మంచు గల దారులపై జరుగునవి రెండవ తెగ. చూచువారికి ఈ రెంటికిని పెద్ద భేదము కనిపింపదు. కాని లెక్క కట్టువానికి రెండవది మిక్కిలి కష్టమైనది. తారుబాటపై చక్రము జారుట అపాయమునకు గుర్తు. మట్టిదారిపై జారుటయే నడక. కనుక మట్టిదారి ఆటను సరిగా తయారు చేయవలెనన్న జారుటను గురించిన శాస్త్రమును కంప్యూటరునకు నేర్పవలసియుండును.

తొలినాటి ఆటలు ఈ కష్టము జోలికి పోలేదు. 1982లో వెలువడిన 'కమొడోర్ 64' అను ఇంటి కంప్యూటరు జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు మాత్రమే. 1989లో ఆటశాలల యంత్రముగా వచ్చి, పిమ్మట ఇంటి కంప్యూటర్లకు చేరిన 'సూపర్ ఆఫ్ రోడ్' అను ఆటలో దారి అంతయు ఒకే తెరపై పైనుండి చూచినట్లు కనిపించును. చిన్న బొమ్మ ట్రక్కులు గుట్టలపై ఎగిరి దుముకుచుండును. వినోదమునకు లోటు లేదు గాని, అందు ఘర్షణమును గూర్చిన గణితము స్వల్పము. ఈ తెగలో శాస్త్ర విద్యార్థి ప్రత్యేకముగా పరిశీలింపదగిన ఆట 2004లో వెలువడిన 'రిచర్డ్ బర్న్స్ ర్యాలీ'.

ఆట, దాని పేరు

రిచర్డ్ బర్న్స్ ఇంగ్లండు దేశస్థుడు. 1971లో జన్మించెను. సహచోదకుడు రాబర్ట్ రీడ్‌తో కలిసి 2001లో సుబారు బండిపై ప్రపంచ ర్యాలీ విజేత అయ్యెను. 2003లో అతనికి మెదడులో కంతి ఉన్నట్లు తేలినది. 2005 నవంబరు 25వ తేదీన, విజేతయైన దినమునకు సరిగా నాలుగేండ్లకు, మరణించెను. అతని పేరుతో వచ్చిన ఈ ఆటను వార్థాగ్ అను సంస్థ తయారు చేయగా ఎస్.సి.ఐ. అను సంస్థ ప్రచురించెను.

ర్యాలీ అనగా బండ్లు ఒకదానితో ఒకటి రాసికొనుచు పరుగెత్తు పందెము కాదు. అడవి దారులను కొన్ని ఖండములుగా విభజించి, ఒక్కొక్క బండిని కొంత వ్యవధితో విడిచిపెట్టుదురు. గెలుపు గడియారముతోనే. ప్రక్కన కూర్చున్న సహచోదకుడు ముందు రాబోవు మలుపు ఎడమకో కుడికో, ఎంత వంపుగలదో, దాని వెనుక ఏమున్నదో వ్రాసికొన్న గుర్తులనుండి చదివి చెప్పుచుండును. ఈ ఆటలోను అట్లే జరుగును. ఆటగాని ఎదుట శత్రువు లేడు. దారి ఉన్నది, కాలమున్నది.

చక్రమునకు నేలకు నడుమ

ఈ ఆట యొక్క గొప్పతనమంతయు నాలుగు అరచేతులంత స్థలములో ఉన్నదనవచ్చును. బండి ఎంత పెద్దదైనను నేలను తాకునది నాలుగు చక్రముల అడుగున గల చిన్న చిన్న రబ్బరు ముక్కలే. బండిని నడుపుటకు, ఆపుటకు, త్రిప్పుటకు కావలసిన బలమంతయు అచటనుండియే రావలెను.

ఆ బలమునకు ఒక హద్దు కలదు. దానిని 100 పాళ్లనుకొందము. బ్రేకు వేయుటకు 80 పాళ్లు ఖర్చయినచో మలుపు తిరుగుటకు మిగులునది 20 అని తోచును. కాని ఈ రెండు బలములు ఒకదానికొకటి లంబముగా నుండునవి. కనుక పైథాగరస్ సిద్ధాంతము చొప్పున మిగులునది 60 పాళ్లు. ఎట్లన 80 వర్గమును 60 వర్గమును కలిపిన 100 వర్గమగును. పూర్తిగా బ్రేకు నొక్కినచో తిరుగుటకు ఏమియు మిగులదు. అందుచేతనే భయపడి గట్టిగా బ్రేకు నొక్కిన ఆటగాని బండి స్టీరింగును ఎంత త్రిప్పినను తిన్నగా పోయి చెట్టును ఢీకొట్టును. మొదటి దినమున ప్రతివాడును నేర్చుకొను పాఠమిది. ఈ విషయములో ఆట మిక్కిలి నిక్కచ్చిగా నున్నది.

చక్రము చూచు దిక్కునకు, బండి నిజముగా పోవు దిక్కునకు మధ్య గల కోణమును జారుడు కోణమందురు. తారుబాటపై కొద్ది డిగ్రీల కోణముననే చక్రము పట్టు గరిష్ఠస్థాయికి చేరి, పిదప తగ్గును. వదులు కంకరపై అట్లు కాదు. చక్రము అడ్డముగా కదలుచు రాళ్లను ప్రక్కకు త్రోయును. అవి గట్టువలె పేరుకొని చక్రమును ఆనుకొనును. కనుక ఎక్కువ కోణమున జారుచుండగనే మంచి పట్టు దొరకును. ర్యాలీ చోదకులు బండిని అడ్డముగా జార్చుచు పోవుట ప్రదర్శనకొరకు కాదు, దీనికొరకే. ఈ ఆటలోను కంకరపై బండిని తిన్నగా ఉంచవలెనని పట్టుబట్టువాడు మెల్లగా పోవును, జార్చుట నేర్చినవాడు వేగముగా పోవును.

భారము ముందుకు, వెనుకకు

బ్రేకు వేసినప్పుడు బండి ముక్కు క్రిందికి వంగుట అందరును చూచినదే. 1,200 కిలోగ్రాముల బండిని తీసికొందము. దాని గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తున నున్నదనియు, ముందు వెనుక చక్రముల మధ్య దూరము రెండున్నర మీటర్లనియు అనుకొందము. సెకనునకు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగము తగ్గించినచో, వెనుక చక్రములనుండి ముందు చక్రములకు మారు భారము 1,200ను 5చే, అరచే గుణించి రెండున్నరచే భాగింపగా 1,200 న్యూటనులు. అనగా సుమారు 120 కిలోగ్రాముల బరువు. ఇద్దరు మనుష్యులు వెనుకనుండి ముందునకు దుమికినట్లన్నమాట. ఆ క్షణమున ముందు చక్రములకు పట్టు హెచ్చును, వెనుక చక్రములకు తగ్గును.

నేర్పరియైన చోదకుడు దీనిని వాడుకొనును. కుడి మలుపునకు ముందు ఒక్క క్షణము ఎడమకు త్రిప్పి, బండి ఆ వైపు ఊగగానే కుడికి త్రిప్పును. ఊపు మరలి వచ్చునప్పుడు బండి తోక తనంతట తానే మలుపులోనికి తిరుగును. ఊయలను ముందు వెనుకకు లాగి వదలుట వంటిదే ఇది. ఆటలో ఈ విద్య పనిచేయును. దానికొరకు తయారీదారులు ప్రత్యేకముగా ఒక మీటను పెట్టలేదు. బరువు, స్ప్రింగులు, చక్రముల లెక్క సరిగా నుండుటచే అది దానంతట అదే పుట్టుచున్నది. ఆట మేలైనదనుటకు ఇంతకన్న మంచి నిదర్శనము లేదు.

కాలమును ముక్కలు చేయుట

ప్రకృతిలో చలనము ఎడతెగనిది. కంప్యూటరు అట్లు చేయలేదు. కాలమును చిన్న చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కయందును బలములను లెక్కించి, త్వరణమును, దానినుండి వేగమును, వేగమునుండి స్థానమును కట్టును. ముక్క ఎంత చిన్నదిగా నుండవలెను? గంటకు 108 కిలోమీటర్లు పోవు బండి సెకనుకు 30 మీటర్లు పోవును. సెకనుకు 60 మారులు మాత్రమే లెక్క కట్టినచో ఒక లెక్కకును ఇంకొక లెక్కకును నడుమ బండి అర మీటరు దాటిపోవును. ఆ నడుమ గల జానెడు రాయి లెక్కకు అందకయే పోవచ్చును. గట్టి స్ప్రింగుల విషయములో చిక్కు ఇంకను పెద్దది. ముక్క పెద్దదైనచో లెక్కలోని తప్పు మాటిమాటికి పెరిగి బండి కారణము లేకయే ఆకాశమునకు ఎగురును. పాత ఆటలలో బండ్లు గోడను తాకగానే వింతగా గిరగిర తిరుగుటకు ఇట్టి తప్పులును ఒక కారణము.

తెర మీద బొమ్మ మారుట వేరు, లోపల లెక్క జరుగుట వేరు అని విద్యార్థులు గ్రహింపవలెను. బొమ్మల అందమును చూచి ఆటకు వెల కట్టువారు ఈ రెండవదానిని చూడరు. 2004 నాటి ఈ ఆటలో చెట్లు అట్టముక్కలవలె కనిపించును. దాని తరువాత వచ్చిన ఎన్నో ఆటలలో ఆకులు సైతము గాలికి కదలును. అయినను 20 ఏండ్లు దాటిన పిమ్మటను దీనిని ఆడువారున్నారు. కారణము చూపులో లేదు, లెక్కలో ఉన్నది.

చేతికి తెలియునది, దేహమునకు తెలియనిది

ఈ ఆటను మీటల పలకతో ఆడుట వృథా. మీటకు నొక్కుట, వదలుట అను రెండే స్థితులు కలవు. పాదము బ్రేకుపై చూపు నూరు తరగతుల ఒత్తిడిని అది చెప్పలేదు. మోటారుతో ఎదురు త్రిప్పు ఆటస్టీరింగు ఉన్నచో సంగతి వేరు. నిజమైన బండిలో స్టీరింగు తిన్ననగుటకు ప్రయత్నించుచు చేతికి బరువుగా తోచును. పట్టు హద్దును సమీపించునప్పుడు, పూర్తిగా తప్పకముందే, ఆ బరువు తగ్గును. ఇది చక్రము చేయు హెచ్చరిక. మంచి ఆటస్టీరింగు దీనిని కొంతవరకు చేతికి అందించును.

అయినను దేహమునకు అందనిది మిక్కిలిగా నున్నది. మనుష్యుని లోచెవిలో త్వరణమును, భ్రమణమును కనిపెట్టు అవయవములు కలవు. తోక జారుట మొదలైనదని నిజమైన చోదకునికి కన్నులు చెప్పుటకు ముందే నడుము, చెవి చెప్పును. కుర్చీలో కూర్చున్న ఆటగానికి అవి మౌనముగా నుండును. వేగమును తెలుపుటలో కంటి ప్రక్కచూపునకు పెద్ద పాత్ర కలదు. చిన్న తెర ఆ ప్రక్కచూపును కోసివేయును. అందుచేత ఆటగాడు తాను పోవు వేగమును తక్కువగా ఎంచును. ఆట కష్టమైనదన్న పేరులో కొంత భాగము ఆటది కాదు, ఈ లేమిది.

లోపములు

మెచ్చుకొనుటతో సరిపెట్టరాదు. కంకరపై చూపిన నిక్కచ్చితనము తారుదారులపై అంతగా లేదని ఆటగాండ్రలో పలువురి అభిప్రాయము. అభిమానులే పూనుకొని చక్రముల లెక్కను సవరించి, క్రొత్త దారులను, బండ్లను చేర్చిరి. ఇది వారి పట్టుదలకు గుర్తే గాని, మొదటి లెక్క సంపూర్ణము కాదనుటకు గూడ గుర్తే.

రెండవ లోపము ఇంకను మౌలికమైనది. నిజమైన మట్టిదారి ప్రతి బండితోను మారును. ముందు పోయిన బండి వదులు కంకరను ఊడ్చివేయును. వెనుక వచ్చువానికి గట్టినేల దొరకును, తరువాత గాడులు పడును. ఈ ఆటలో దారి ఎంత అరిగియున్నదో ముందుగా ఎంచుకొనవచ్చును గాని, బండి తాను పోవుచు దారిని మార్చదు. బండి నేలవలన బాధపడును, నేల బండివలన బాధపడదు. న్యూటన్ మూడవ సూత్రము ఇచట సగమే అమలైనది.

మూడవది బోధనకు సంబంధించినది. ఆటలో ఒక ర్యాలీ పాఠశాల ఉన్నది. బ్రేకు ఎట్లు వేయవలెనో, బండిని ఎట్లు ఊపవలెనో అది నేర్పును. ఎందుకు అట్లు చేయవలెనో చూపదు. నాలుగు చక్రములపై భారము ఎట్లు మారుచున్నదో బాణపు గుర్తులతో తెరపై చూపియున్నచో ఇది అపూర్వమైన పాఠ్యసాధనము అయ్యెడిది. లెక్క కంప్యూటరు లోపల జరుగుచునే యున్నది. చూపకపోవుట మాత్రమే కొరత.

పాఠశాలలో దీని స్థానము

ఉపాధ్యాయులు దీనితో ఒక చిన్న పరీక్ష చేయింపవచ్చును. తిన్నని కంకర దారిపై గంటకు 36 కిలోమీటర్ల వేగమున బ్రేకు నొక్కి, ఆగుటకు పట్టు కాలమును గడియారముతో కొలువవలెను. పిదప 72 కిలోమీటర్ల వేగమున అట్లే చేయవలెను. ఘర్షణ గుణకము అర అనుకొన్నచో మొదటిది సుమారు 2 సెకనులు, రెండవది 4 సెకనులు కావలెను. దూరము మాత్రము 10 మీటర్లనుండి 41 మీటర్లకు, అనగా నాలుగు రెట్లు, పెరుగును. చక్రములు పూర్తిగా బిగిసినప్పుడు ఎట్లుండునో కూడ చూడవలెను. జారు ఘర్షణ తక్కువని పుస్తకము చెప్పును. కాని నిజమైన వదులు కంకరపై బిగిసిన చక్రము తన ముందు రాళ్ల దిబ్బను పోగుచేసికొని ఒక్కొక్కప్పుడు త్వరగా ఆగును. ఆట ఏ పక్షమున నున్నదో విద్యార్థులే తేల్చవలెను.

అయితే ఒక హెచ్చరిక అవసరము. ఆటలో వచ్చిన ఫలితము ప్రకృతి యిచ్చిన సాక్ష్యము కాదు. ప్రకృతిని గూర్చి కొందరు వ్రాసిన లెక్క యిచ్చిన సాక్ష్యము మాత్రమే. లెక్క తప్పైనచో ఆట ఎంత నమ్మకముగా నడిచినను తప్పే చెప్పును. తెరపై చూచినదానిని ప్రయోగమని భ్రమించు అలవాటు నేటి విద్యార్థికి సులభముగా పట్టును. ఈ ఆటవలన కలుగు నష్టమేదైన నున్నచో అదియే. రోడ్డు విషయములో కూడ అంతే. ఈ ఆటలో దెబ్బ తిన్న బండి కుంటును, ఖండము మధ్యలోనే ఆగిపోవును. ఇతర ఆటలలోవలె క్షణములో బాగుపడదు. ఇది మెచ్చదగిన కఠినత్వము. అయినను ఆటగాని ఎముక విరుగదు. ఇందు నేర్చిన జారుడు విద్యను సైకిలు మోటారుపై ఊరిబాటలో పరీక్షింపబోవుట ప్రాణాంతకము.

కనుక ఆటకు ప్రక్కన ఒక కొయ్యదిమ్మెను, స్ప్రింగుత్రాసును ఉంచవలెను. బడి ఆవరణలో సిమెంటు గచ్చుపై, ఇసుకపై, తడిమట్టిపై ఆ దిమ్మెను లాగి, కదలుటకు ముందు ఎంత బలము కావలెనో, కదలిన పిదప ఎంత చాలునో వ్రాసికొనవలెను. పిమ్మట ఆటలోని మూడు రకముల దారులపై కొలిచిన కాలములతో పోల్చవలెను. రెండు పట్టికలు ఎచట కలియునో అచట ఆటను నమ్మవచ్చును. ఎచట కలియవో అచట తరగతిలో చర్చ మొదలుపెట్టవలెను.