ఆకుపచ్చ తాబేలు

మా గాజువాక ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. 16 జీబీ ర్యామ్. ఒక యంత్రంలో ఇంకో యంత్రాన్ని నడిపేందుకు అందులో వర్చువల్‌బాక్స్ ఉంది, వీఎంవేరూ ఉంది. ‘ఏటి మావయ్యా, ఒకటి సరిపోదా?’ అని మేనల్లుడు వచ్చినప్పుడల్లా అడుగుతాడు. ఆవకాయ ఉందని మాగాయ మానేస్తామా అని దాటేస్తాను. అసలు సంగతేమిటంటే, చేతిలో డబ్బులేని రోజుల్లో నేర్చుకున్నది వర్చువల్‌బాక్స్ మీద. 2024 మేలో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రోని సొంత వాడకానికి ఉచితం చేశారు. ఊరికే వస్తోందంటే కాదనగలమా?

ఈ సవతులిద్దరూ కొట్టుకుంటారనుకున్నాను. నా తగువు మూడోవాడితో వచ్చింది. ఒకరోజు విండోస్‌లోనే లినక్స్ నడుస్తుందని సరదాపడి డబ్ల్యూఎస్ఎల్2 పెట్టాను. మర్నాడు వర్చువల్‌బాక్స్‌లో డెబియన్ తెరిస్తే, టీ పొంగేలోపు లేచేది కాస్తా టీ తాగి గ్లాసు కడిగినా లేవలేదు. కిటికీ అడుగున, కుడిమూల, బుల్లి ఆకుపచ్చ తాబేలు. సాగర్‌నగర్ ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీలంటే మా విశాఖకి ముద్దే గానీ, ఇది ఆ జాతి కాదు; యంత్రం నెమ్మదిగా నడుస్తోందని చెప్పే గుర్తు.

ఎందుకిలా అంటే, మా డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి ఇన్నర్ హార్బర్‌కి వచ్చే ఓడని చూడండి. పైలట్ ఎక్కాక దాని నడకంతా ఆయన చెప్పినట్టే. డబ్ల్యూఎస్ఎల్2 వెంటబెట్టుకొచ్చిన హైపర్-వీ అలాంటి పైలట్. విండోస్ కంటే ముందే లేచి, ప్రాసెసర్‌లో ఇలాంటి యంత్రాల కోసమే ఉన్న వీటీ-ఎక్స్‌ని చేతిలోకి తీసుకుంటుంది. ఆపైన విండోస్ కూడా అది నడిపే ఓడే. మిగతావాళ్లు దాన్ని అడిగి పని చేయించుకోవాలి. ఒకప్పుడు వర్చువల్‌బాక్స్‌కి ఆ అడిగే దారీ లేదు, మొరాయించేది. 2018 డిసెంబరులో 6.0తో దారి దొరికింది, దాంతోపాటే తాబేలూ వచ్చింది. వీఎంవేర్ 2020లో 15.5.5తో రాజీపడింది.

డబ్ల్యూఎస్ఎల్ తీసేయడం నాకిష్టం లేదు. బీసీడీఎడిట్‌తో బూట్ మెనూలో ఇంకో వరస చేర్చి, అందులో మాత్రం హైపర్-వీ లేవకుండా ఆపాను. అయినా తాబేలు కదల్లేదు. సెక్యూరిటీ సెట్టింగుల్లో ‘మెమరీ ఇంటిగ్రిటీ’ ఆన్‌లో ఉంటే ఈ పైలట్ మళ్లీ లేస్తాడని తెలిసేసరికి ఆదివారం గడిచిపోయింది.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. డిస్కు చోటు కలిసొస్తుందని వీఎంవేర్‌లో సస్పెండ్ చేసిన యంత్రం తాలూకు వీఎండీకే డిస్కు ఫైలునే వర్చువల్‌బాక్స్‌తో తెరిచి, నాలుగు ఫైళ్లు రాసి మూసేశాను. తర్వాత వీఎంవేర్‌లో దాన్ని లేపాను. దాని జ్ఞాపకంలో ఉన్నది నిన్నటి డిస్కు, ఎదుట ఉన్నది ఇవాళ్టిది. పది నిమిషాల్లో ఫైల్ సిస్టమ్ ముక్కచెక్కలైంది. ఇప్పుడు ఓవీఏగా ఎగుమతి, రెండోదాంట్లో దిగుమతి. పోర్టు ఊరివాణ్ణి, ఆపాటి పద్ధతి ముందే ఉండాల్సింది.

మొన్న మేనల్లుడు వచ్చి కంప్యూటర్ వేశాడు. బూట్ మెనూలో రెండు వరసలకీ నేను పెట్టిన పేర్లు తాబేలు, కుందేలు. ‘ఏది నొక్కను మావయ్యా?’ అన్నాడు. ఏం పనిరా అని అడిగాను. డబ్ల్యూఎస్ఎల్ కావాలట. తాబేలే నొక్కమన్నాను.