తిరిగి చెప్పలేనివాడు ఓడినట్టే

గౌతముడి తర్కగ్రంథం న్యాయసూత్రాల్లో చివరిదైన ఐదో అధ్యాయం, వాదంలో మనిషి ఎలా ఓడిపోతాడో లెక్కగట్టి చెబుతుంది. ఓటమికి 22 దారులు. వాటికి నిగ్రహస్థానాలని పేరు. పట్టిన పక్షం వదిలేయడం, అన్నదే మళ్లీ మళ్లీ అనడం, సంబంధం లేని సంగతి ఎత్తుకోవడం లాంటివి ఎవరైనా ఊహించగలరు. విశేషమంతా సరిగా విననందుకు వచ్చే ఓటమిలో ఉంది.

అననుభాషణం అలాంటిదే. వాది తన మాట మూడుసార్లు చెప్పాడు. సభకు అర్థమైంది. ప్రతివాది మాత్రం దాన్ని తిరిగి చెప్పలేకపోయాడు. అంతే, ఓడినట్టే. అవతలివాడి మాట అప్పజెప్పలేనివాడు దేన్ని పట్టుకుని ఖండిస్తాడని భాష్యకారుడు వాత్స్యాయనుడి ప్రశ్న. శాస్త్రగ్రంథాల్లోనూ ఈ పట్టింపు కనిపిస్తుంది. ఖండనకు ముందు పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాడి వాదాన్ని, ఎంత బలంగా వినిపిస్తారంటే, ఇదే గ్రంథకర్త అభిప్రాయమేమోనని ఒక్కోచోట భ్రమపడతాం. మన చర్చావేదికల మీద ఈ ఒక్క నియమం పెడితే సగం మంది మొదటి రౌండులోనే ఇంటికి పోతారు.

భారమంతా వినేవాడిదే కాదు. మూడుసార్లు చెప్పినా సభకూ ప్రతివాదికీ అర్థం కాకపోతే అప్పుడు ఓడేది మాట్లాడినవాడు. రెండర్థాల మాటలు, వాడుకలో లేని ప్రయోగాలు, మరీ గబగబా చెప్పడం ఇందుకు కారణాలని వాత్స్యాయనుడు వివరిస్తాడు.

విన్నదాన్ని తూచడం నేర్పే పుస్తకాల్లో చిన్నదీ గట్టిదీ తర్కసంగ్రహం. రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. కాశీ వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో నానుడి కూడా ఉంది. అందులోని ఉదాహరణ చూడండి: కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లోలాగ. ఈ వాదం నిలబడుతుంది. తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉందన్నామా, కూలిపోతుంది. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగేదీ? పొగ రావాలంటే పచ్చికట్టెలు తగలాలి. బయటికి చెప్పని ఆ షరతును ఉపాధి అంటారు.

ఇప్పుడొక ఉపన్యాసం విందాం. "అభివృద్ధి జరిగిన ప్రతిచోటా అప్పుంది. మనకూ అప్పుంది. అంటే అభివృద్ధి జరుగుతున్నట్టే కదా!" చప్పట్లు మోగుతాయి. తర్కం చదివిన కుర్రాడు మాత్రం ఇనపగుండు కోసం వెతుకుతాడు. అప్పు పెరిగి, అభివృద్ధి లేని చోటు ఒక్కటి దొరికితే చాలు. తర్వాత పచ్చికట్టె సంగతి అడుగుతాడు: తెచ్చిన డబ్బు దేనికి ఖర్చయింది?

మళ్లీ న్యాయసూత్రాలకొస్తే, ఎదుటివాడి మాటకు అతను అనుకోని అర్థం అంటగట్టడం ఛలం. కొత్త కంబళి కప్పుకున్నవాణ్ని నవకంబలుడంటే, "తొమ్మిదెక్కడున్నాయి, ఒక్కటేగా!" అనడం దీనికి పాత ఉదాహరణ. నిజం తేల్చుకునే వాదంలో ఛలానికి చోటు లేదు. గెలుపు కోసం చేసే జల్పంలో ఉంది. మొలకల చుట్టూ ముళ్లకంప వేసినట్టు, సత్యాన్ని కాపాడుకోవడానికి జల్పమూ, తన పక్షమంటూ నిలపకుండా ఎదుటివాణ్ని ఖండించడమే పనిగా పెట్టుకునే వితండా అవసరమేనని గౌతముడి సమర్థన. నాకది మింగుడుపడదు. కంప వేసినవాడు మొలకల్ని మరిచిపోవడం టీవీలో రోజూ చూస్తున్నదే.

నిగ్రహస్థానాల్లో ఇంకో రెండున్నాయి. ఎదుటివాడు తప్పులో దొరికిపోయాక గమనించకుండా వదిలేస్తే, అదీ ఓటమే. లేని తప్పు పట్టినా ఓటమే. అయితే మొదటిదాంట్లో ఒక చిక్కుంది. "నా తప్పు పట్టుకోలేకపోయావు, ఓడిపోయావు" అని ఎవరంటారు? అంటే తన తప్పు తానే ఒప్పుకున్నట్టు. అందుకే, ఓడిందెవరని అడిగినప్పుడు ఈ సంగతి బయటపెట్టాల్సింది సభేనంటాడు వాత్స్యాయనుడు. దొరికిపోయినవాడు తన గోచీ తానే విప్పి చూపించుకోడు కదా అని ఒక విసురు కూడా విసురుతాడు.