గాజు చెరువుకు నీరటి

పొద్దున లేవగానే నేను మొదట చూసేది నీటిమట్టం. కింది తొట్టి గాజు మీద గీసుకున్న తెల్లగీతకు నీళ్లు ఎంత దిగువకు పోయాయో వేలితో కొలుస్తాను. థర్మామీటరు చూస్తాను. మోటారు చప్పుడు ఒక నిమిషం నిలబడి వింటాను. చేపలు పద్నాలుగూ లెక్కకు వచ్చాకే చాయ్ తాగుతాను. మూడేళ్లుగా ఇదే వరుస.

మా ఊరు ఎర్రవల్లి పేరు చెబితే చాలామందికి రాజకీయాలు గుర్తొస్తాయి. లేదంటే 2015 డిసెంబరులో ఇక్కడ జరిగిన అయుత చండీయాగం గుర్తొస్తుంది. మా ఇంటికి వచ్చిపోయినవాళ్లకు మాత్రం ఇంకొకటి గుర్తుంటుంది. ముందుగదిలో 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతున నిలిచిన ఉప్పునీళ్లు. దాదాపు 3,400 లీటర్లు. ఇక్కడి నుంచి ఏ తీరానికి పోవాలన్నా రోడ్డు మీద 300 కిలోమీటర్లు దాటాల్సిందే. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న మెట్ట నేల మాది. బోరు వేసి ఉప్పునీళ్లు పడ్డ రైతు ముఖం ఎట్లా ఉంటుందో చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ని. అలాంటి ఊళ్లో, చేతి డబ్బులు పెట్టి మంచినీళ్లను ఉప్పునీళ్లు చేస్తానంటే మా అవ్వకు మనసొప్పలేదు.

"గుక్కెడు మంచినీళ్ల కోసం బిందెలు పట్టుకొని తిరిగిన ఊరు బిడ్డా ఇది. ఉన్న నీళ్లల్ల ఉప్పు పోస్తనంటవేంది?" అంది.

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. విశాఖ బీచ్ రోడ్డులోని మత్స్యదర్శినికి పోయినప్పుడు ఒక అద్దం ముందు గంటసేపు కదలకుండా నిలబడిపోయిన సంగతి మాత్రం ఉంది. మన దేశంలో ఈ ముచ్చట కొత్తదేమీ కాదు. 1909లోనే మద్రాసు మెరీనా ఒడ్డున జనం చూడటానికి సముద్రపు అక్వేరియం తెరిచారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ తలపెట్టిన పని అది. కానీ అది సముద్రం పక్కనే ఉంది, తోడుకుంటే నీళ్లు. మెట్ట ఊరివాడు సముద్రాన్ని మొదటి నుంచీ కట్టుకోవాలి.

కట్టడం మొదలుపెట్టాక తెలిసింది, నాకు కావలసిన మాటలన్నీ మా ఊళ్లోనే ఉన్నాయని.

మూడు వైపులా కాంక్రీటు గోడలు, ముందువైపు గాజు అని చెబితే మేస్త్రీకి వెంటనే అర్థమైంది. "హౌజు కట్టుడే గదా అన్నా, ఒక దిక్కు గోడకు బదులు అద్దం పెడ్తం" అన్నాడు. మొరం తగిలే దాకా తవ్వి పునాది వేశాడు. నీళ్ల బరువే మూడున్నర టన్నులు మరి. గాజు మందం దగ్గర ఇద్దరం ఒక పూటంతా కూర్చున్నాం. నీటి ఒత్తిడి ఎన్ని లీటర్లున్నాయన్నదాన్ని బట్టి కాదు, ఎంత లోతున్నదన్నదాన్ని బట్టి ఉంటుంది. మూడడుగుల లోతు నీళ్లు పదడుగుల గాజు పలకను మొత్తంగా 1,300 కిలోల బలంతో బయటికి నెడతాయి. ఆ నెట్టుడు కూడా పైన తక్కువ, అడుగున ఎక్కువ. మేస్త్రీకి ఈ లెక్క చెబితే "అందుకే గదా చెరువు కట్ట కింద లావు, మీద సన్నం" అన్నాడు. 19 మిల్లీమీటర్ల గాజు తెప్పించాం.

కాంక్రీటుకు ఉప్పునీళ్లతో పాత పగ ఉంది. సన్నని నెర్రె దొరికినా ఉప్పు లోపలికి దిగి ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి గోడను పగలగొడుతుంది. అందుకని 28 రోజులు గోడలకు నీళ్లు పట్టి, బాగా ఆరనిచ్చి, లోపల మూడు పూతలు ఎపాక్సీ వేశాం. గాజును సిలికాన్‌తో అతికించి పది రోజులు ముట్టుకోలేదు. మొదటిసారి మామూలు నీళ్లు నింపితే నాలుగో రోజు ఎడమ మూల చెమర్చింది. నీళ్లన్నీ తోడి మామిడి చెట్లకు పారించి, ఆ మూల గీకి మళ్లీ అతికించాం. రెండోసారి నింపి పదిహేను రోజులు చూశాం. గోడ పొడిగా ఉంది.

ఇక నీళ్ల నడక. పైతొట్టి అంచున చిన్న మత్తడి పెట్టాం. నీళ్లు దాని మీదుగా పలచగా జారి గొట్టంలోంచి కింది తొట్టిలోకి పడతాయి. అక్కడ మొదటి గదిలో వడపోత, రెండో గదిలో నురుగు లేపి మురికిని ఎత్తిపోసే స్కిమ్మర్, మూడో గదిలో నాచు. చివర ఉన్న మోటారు నీళ్లను మళ్లీ పైకి పంపుతుంది. పై చెరువు నిండి మత్తడి దూకితే కింది చెరువు నిండడం, అది నిండితే ఇంకా కిందిది నిండడం కాకతీయుల నాటి నుంచి ఈ నేల మీద మనవాళ్లు నడిపిన గొలుసుకట్టు పద్ధతి. మత్తడి మీద పలచగా పారే నీళ్లు గాలిని పీల్చుకుంటాయి, పైన తేలే జిడ్డును కూడా మోసుకుపోతాయి. చెరువు అలుగు పారినప్పుడు నీటి మీది చెత్త ముందు కొట్టుకుపోవడం చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు.

నీళ్లు మా నల్లావే. ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న మొదలైంది మా పక్కనున్న కోమటిబండలోనే. 2020 మే 29న మర్కూక్ దగ్గర కొండపోచమ్మ సాగర్‌లోకి గోదావరి చేరిన రోజు ఊళ్లకు ఊళ్లే తరలిపోయి నీళ్లను చూశాయి. ఆ గోదావరి నీళ్లే నా తొట్టికీ వస్తాయి. కార్బన్ గుండా పంపి క్లోరిన్ తీసి, ఆర్వోలో వడగట్టి, డ్రమ్ములకు పట్టి అందులో ఉప్పు కలుపుతాను. లీటరుకు 35 గ్రాముల లెక్కన మొత్తం 120 కిలోలు. కళ్లుప్పు సరిపోదా అని అందరూ అడుగుతారు. సముద్రంలో కరిగిన లవణాల్లో మామూలు ఉప్పు 85 శాతం దాకా ఉంటుంది. మిగతా భాగం మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియంలది. ఆ కొంచెం లేకపోతే అది ఉప్పు వేసిన నీళ్లే, సముద్రం కాదు. అందుకే అన్నీ కలిపిన మిశ్రమం కొంటాను. అంతర్వేది దగ్గర సముద్రంలో కలవాల్సిన నది ఎత్తిపోతలతో ఇంత పైకి వచ్చి, మా ముందుగదిలో ఉప్పును కలుసుకుంది. మొదటి డ్రమ్ము కలిపిన రోజు ఆ తెల్లటి నీళ్లు తేటబడే దాకా పక్కనే కూర్చున్నాను.

నీళ్లు నిండాయి గదా అని చేపలు వదలకూడదు. చేప విసర్జించేది అమ్మోనియా, అది చేపకే విషం. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది, దాన్ని చేప చాలావరకు తట్టుకుంటుంది. ఈ రెండు రకాలూ రాళ్ల సందుల్లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను రెండు నెలలు ఆగాను. ఖాళీ తొట్టిలో చిటికెడు మేత వేసి, కళ్లకు కనబడని ప్రాణాలను పోషించడం విచిత్రమైన అనుభవం. తొలకరికి ముందు దుక్కి దున్ని ఆకాశం చూసే రైతు ఓపిక అది.

రాళ్ల దగ్గరే నా మనసు ఎక్కువ ఊగిసలాడింది. నిజమైన పగడపు రాయి పెడితే అందం వేరు. కానీ మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలను, సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. తీరం నుంచి తీయడం నేరం. నేరం కాకపోయినా తీయగూడదనే నా అభిప్రాయం. 1854లో ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం రాశాడు. దానితో ఇంటింటా సముద్రపు తొట్టి పెట్టుకోవడం అక్కడ మోజుగా మారింది. జనం వలలు, జాడీలు పట్టుకొని తీరాల మీద పడ్డారు. ఆ రాతి మడుగులు ఎట్లా బోసిపోయాయో ఆయన కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో తన జ్ఞాపకాల పుస్తకంలో ఎంతో బాధతో రాశాడు. తండ్రి ప్రేమించి పరిచయం చేసిన చోటును ఆ ప్రేమే ఖాళీ చేసింది.

అందుకని నా రాళ్లు నేనే పోసుకున్నాను. తెల్ల సిమెంటు, ఆల్చిప్పల పొడి, దొడ్డు ఉప్పు కలిపి ఇసుక గుంటల్లో ముద్దలు పోశాను. గట్టిపడ్డాక నీళ్లలో వేస్తే ఉప్పు కరిగిపోయి రాయి నిండా బొరియలు మిగులుతాయి. సిమెంటు ఘాటు పోయే దాకా వారాల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టాను. ఏడాది తిరిగేసరికి వాటి మీద ఊదారంగు పొర పాకింది. చేపలు కూడా సముద్రంలో పట్టినవి కావు, తొట్లలో పుట్టినవే. క్లౌన్ చేపలను తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతులను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది.

కట్టడం ఏడాదిలో అయిపోయింది. కాపలా ఇప్పటికీ అయిపోలేదు. చెరువు కట్టించినవాళ్ల పేరు శాసనాల్లో ఉంటుంది. దాన్ని నిలబెట్టింది మాత్రం నీరటి. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, కట్ట ఎక్కడ చెమరుస్తున్నదో, మత్తడికి ఎంత దూరంలో నీళ్లున్నాయో అతనికే తెలుసు. వానరాత్రి గొంగడి కప్పుకొని కట్ట మీద తిరిగేది అతనే. గాజు చెరువుకూ అట్లాంటి మనిషే కావాలి.

రెండో ఏడు మే నెలలో, ఈదురుగాలికి చెట్లు కూలి రాత్రంతా కరెంటు రాలేదు. ఇన్వర్టరు అర్ధరాత్రికి ఆగిపోయింది. ఉప్పునీళ్లలో ప్రాణవాయువు మంచినీళ్లలో కన్నా తక్కువ కరుగుతుంది, వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నేను మగ్గు తీసుకొని నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోయడం మొదలుపెట్టాను. కాసేపటికి అవ్వ లేచి వచ్చింది. ఏమీ అడగలేదు. చెంబు తెచ్చుకొని రెండో కొసన నిలబడింది. తెల్లవారి నాలుగున్నరకు కరెంటు వచ్చే దాకా వంతులేసుకొని పోశాం.

తర్వాత ఒకనాడు చదువుతుంటే తెలిసింది. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ టోర్కీ తీరం నుంచి బతికున్న పగడాలను లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. మోటార్లు లేని కాలం. తెరిచిన కిటికీ దగ్గర ఆ సముద్రపు నీళ్లను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తిపోసి గాలి పట్టించేవాళ్లు. రోజూ అరగంటకు పైగా ఆ పని చేసింది ఆ ఇంటి పనిమనిషి. ఆమె పేరు నాకు దొరకలేదు. ఆ రాత్రి అవ్వ చేతిలోని చెంబు నాకు ఆమెనే గుర్తుచేస్తుంది.

ఉప్పు పని ఒకసారి కలపడంతో అయిపోదు. నెలకోసారి 340 లీటర్లు మార్చాలి. ఆ నీళ్లు పొలంలోకి పోతే నేల చవుడవుతుంది, చెరువులోకి పోతే పాపం. ఇంటి వెనక సిమెంటు మడి కట్టించాను. అందులో ఎండబెడితే అడుగున ఉప్పు మిగులుతుంది. ఆర్వో వదిలేసే నీళ్లు కడుగుళ్లకు వాడతాం. నీటి కరువు చూసిన ఊళ్లో ఈ లెక్క తప్పకుండా ఉంటేనే ఈ తొట్టి ఉంచుకునే హక్కు నాకుంటుంది.

అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు వేసవిలో దొరికింది. ఎండాకాలం ఈ తొట్టిలోంచి రోజుకు 30 లీటర్లు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఉప్పు ఎక్కడికీ పోదు. తగ్గిన మేర ఉప్పునీళ్లు పోస్తే నెలకు 31 కిలోల ఉప్పు అదనంగా పేరుకొని ప్రాణాలన్నీ పోతాయి. కాబట్టి పోయాల్సింది మంచినీళ్లే. ఉప్పు నెలకోసారి కలిపితే చాలు, మంచినీళ్లు మాత్రం రోజూ కావాలి. వానలు, నదులు సముద్రానికి చేసే పని అదే. ఈ సంగతి అవ్వకు చెబితే తల ఊపింది, అంతే.

పోయిన నెల పెళ్లికి వరంగల్ పోయి రెండు రోజులు ఉండిపోయాను. పొద్దున ఆరింటికి ఫోన్ మోగింది.

"గీతకు రెండు వేళ్లు తక్కువుండె బిడ్డా. మంచినీళ్లే పోసిన. పద్నాలుగున్నయి, లెక్కవెట్టిన. నువ్వు నిమ్మళంగ రా."