గ్రౌండు ఒకటే, జెర్సీలు మూడు

కరీంనగర్‌లో ఎస్సారార్ కాలేజీ 1956లో మొదలైంది. అక్కడ బంతి తన్నే పిల్లగాడికి యూనివర్సిటీ జట్టంటే అప్పుడు ఉస్మానియానే. 1976లో వరంగల్‌లో కాకతీయ వచ్చాక జెర్సీ మారింది. 2008లో శాతవాహన పుట్టాక మళ్లీ మారింది. గ్రౌండు మాత్రం ఎక్కడిదక్కడే. చిన్న యూనివర్సిటీ ఆట చరిత్ర రాయబోతే చిక్కు ఇక్కడే: పాత గెలుపులన్నీ వేరేవాళ్ల బీరువాల్లో ఉంటాయి.

ఆదిలాబాద్ కాలేజీలు కాకతీయ కిందే ఉండిపోయాయి. దాంతో గోదావరికి ఇవతల గోదావరిఖని కుర్రాడిది ఒక యూనివర్సిటీ, అవతల మంచిర్యాల కుర్రాడిది ఇంకొకటి. ఆదివారం ఒకే జట్టులో ఆడుకునే ఇద్దరు సౌత్ జోన్ పోటీల్లో ఎదురెదురు పడొచ్చు. తమాషాగానే ఉంటుంది గానీ, జట్టు కూర్చే పీడీ సార్‌కు నవ్వు రాదు.

ఉస్మానియా దగ్గర చెప్పుకోవడానికి చాలా ఉంది. విద్యార్థిగా ఆ జట్టుకు ఆడిన సయ్యద్ అబ్దుల్ రహీం తర్వాత బడిపంతులయ్యాడు, ఆ తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు, ఎక్కువమంది వట్టి కాళ్లతోనే ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం. ఎస్సారార్ తలుపులు తెరిచిందీ ఆ ఏడాదే.

రహీం పెట్టిన పోటీలు మరీ చిత్రం. ఒకదాంట్లో బంతిని కాలితో ఆడిస్తూ పోవద్దు, అందగానే ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే తన్నాలి. పైసా ఖర్చు లేదు. ఎకరాల గడ్డి, ఫ్లడ్‌లైట్లు లేని యూనివర్సిటీకి ఇంతకన్నా అక్కరకొచ్చే సిలబస్ ఏముంది?

సెలెక్షన్ల పొద్దున ఇలాంటి కాలేజీ గ్రౌండు ఎట్లుంటుందో చూసినవాళ్లకు తెలుసు. సున్నం గీతలు సగం చెరిగి ఉంటాయి. నడుమ క్రికెట్ పిచ్, దాని మీద పడ్డ బంతి ఎటు లేస్తదో ఎవరికీ తెలియదు. గోల్‌కీపర్ల గ్లౌజులు ఒక్కటే జత. ఒకడు విప్పితే ఇంకొకడు తొడుగుతాడు. లెఫ్ట్ వింగ్‌లో నిలబెట్టిన పిల్లగాడు బంతి అందగానే ఆగి, కుడికాలి మీదికి మార్చుకుంటాడు. ఆ లోపు ఎదుటి బ్యాక్ వచ్చి తన్నుకుపోతాడు.

"ఎడమ కాలు ఇంట్ల పెట్టొచ్చినవారా?" అని గీత బయటి నుంచి పీడీ సార్ కేక.